గాలిలో బూజు విత్తనాలు

వానకాలంలో మన ఇళ్ళలో బూజు పట్టని వస్తువు అరుదు. తోలుచెప్పులు, పెట్టెలోని పట్టుబట్టలు, గోడవారగా పెట్టిన పుస్తకాలు, నూనె చాలని ఆవకాయ జాడీ, వీటన్నిటిమీదా నాలుగు రోజులు ముసురు పట్టేసరికి తెల్లగానో పచ్చగానో నల్లగానో నూగు కమ్ముకుంటుంది. ఎవరూ విత్తలేదు, ఎవరూ నీరు పోయలేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది? గాలిలోనుంచి వచ్చిందని ఈనాడు ఎనిమిదో తరగతి విద్యార్థి కూడా చెప్పగలడు. కాని ఆ ఒక్క మాట రుజువు కావడానికి 130 ఏళ్ళు పట్టింది. ఆ బూజే కొందరికి ఉబ్బసం తెస్తుందని తేలడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఫలాని మనిషికి ఫలాని బూజు పడదని నిశ్చయంగా చెప్పడం ఇప్పటికీ అంత తేలిక కాదు.

ముందుగా ఒక మాట. తెలుగులో 'బూజు' అనే పదానికి రెండర్థాలున్నవి. ఇంటికప్పున వేలాడే సాలెగూళ్ళ దుమ్మునూ బూజే అంటాము. రొట్టెమీద మొలిచే నూగునూ బూజే అంటాము. పండుగ ముందు పొడుగు కర్రకు చీపురు కట్టి దులిపేది మొదటిది. అది సాలీడు పని. ఇక్కడ మనకు కావలసింది రెండోది. అది శిలీంధ్రం, అంటే పుట్టగొడుగుల వర్గానికి చెందిన జీవి. మొక్కలవలె తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు గనుక దారాలవంటి తంతువులను రొట్టెలోకో తోలులోకో పాకించి సారం లాగుకుంటుంది. పైకి లేచిన సన్నని కాడల చివర వేలకొద్దీ సిద్ధబీజాలను పుట్టిస్తుంది. మన కంటికి రంగుపొడిగా కనిపించేవి ఈ సిద్ధబీజాలే. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాను అంటారు. సిద్ధబీజాలలో చిన్నవి రెండు మూడు మైక్రానులుంటవి, పెద్దవి ఇరవై ముప్ఫై మైక్రానులు కూడా ఉంటవి. తరగతిలో ఈ రెండు బూజుల తేడా చెప్పకుండా పాఠం మొదలుపెడితే పరీక్షలో సాలెగూడు బొమ్మ వేసే పిల్లలుంటారు. నేను అటువంటి జవాబుపత్రాలు దిద్దాను.

కొన్నేళ్ళ కిందట ఒక జులై నెలలో మా కళాశాల గ్రంథాలయంలోని పాత బీరువాలను మరో గదిలోకి మార్చవలసి వచ్చి, బి. ఎస్సి. రెండో సంవత్సరం విద్యార్థులను సాయం పిలిచాము. వారిలో ఒకడు మొదటి బీరువా తెరిచిన పది నిమిషాలకే ఆయాసపడుతూ వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. పనిదొంగ అని తోటివాళ్ళు నవ్వారు. నేనూ అలాగే అనుకున్నాను. సాయంత్రానికి అతని ఛాతీలో పిల్లికూతలు పక్కనున్నవారికి కూడా వినిపించినవి. మర్నాడు, కొంత పశ్చాత్తాపంతోనూ కొంత ఉత్సాహంతోనూ, ఆ గదిలో నాలుగు అగార్ పళ్ళాలు మూతలు తీసి అరగంటసేపు ఉంచాము. ఐదో రోజుకు నాలుగింటా నల్లని చుక్కలు నిండినవి. అది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్లబూజు. దోషి దొరికాడని సంబరపడ్డాము. ఆ సంబరంలో ఎంత తొందరపాటున్నదో తెలియాలంటే ఈ పరిశోధనల చరిత్ర కొంత చెప్పుకోవాలి.

1729లో ఇటలీదేశపు వృక్షశాస్త్రజ్ఞుడు పియర్ ఆంటోనియో మికేలి ఒక గ్రంథం ప్రకటించాడు. బూజుల పొడిని తీసి, కోసిన పండుముక్కల మీద వేసి పెంచిన వైనం అందులో ఉన్నది. ఏ బూజు వేస్తే ఆ బూజే మొలిచింది. ఏమీ వేయని ముక్కలమీద కూడా కొన్నిచోట్ల బూజు కనిపించింది. మరొకరైతే పరీక్ష చెడిపోయిందనుకొని పారవేసేవారు. మికేలి మాత్రం ఆ విత్తనాలు గాలిలో వచ్చి పడి ఉంటవని ఊహించాడు. సూక్ష్మదర్శినిలో ఒక బూజు తల, చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనంలాగా కనిపించగా దానికి ఆస్పర్జిల్లస్ అని పేరు పెట్టినవాడు ఇతడే.

ఆ ఊహను లోకం చేత ఒప్పించినవాడు పాశ్చర్. అతడు గన్ కాటన్ అనే ఒక విధమైన దూదిలోగుండా గాలిని లాగి, ఆ దూదిని ఆల్కహాలు, ఈథరుల మిశ్రమంలో కరిగించి, అడుగున మిగిలిన దుమ్మును సూక్ష్మదర్శినిలో చూశాడు. అందులో సిద్ధబీజాలవంటివి ఎన్నో కనిపించినవి. తరువాత 1860లో, మరగించి మూతులు మూసిన ద్రవంగల సీసాలను వేరువేరు చోట్ల తెరచి, అక్కడి గాలి చొరబడనిచ్చి మళ్ళీ మూశాడు. ఆర్బ్వా పట్టణం దగ్గర పొలాలలో తెరచిన 20 సీసాలలో 8 చెడినవి. జూరా కొండల మీద 20లో 5. ఆల్ప్స్ పర్వతాలలో మంచునది దగ్గర 20లో ఒక్కటి. గాలిలో జీవబీజాలున్నవి, అవి అన్నిచోట్లా ఒకే తీరున లేవు, అనే రెండు సంగతులు ఈ సీసాలతో తేలినవి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్న ప్రశ్నలు ఇక్కడినుంచే మొదలైనవి.

ఆ ప్రశ్నలకు జవాబు వెదకినవారిలో మొదటి తరంవాడొకడు మన దేశంలోనే పనిచేశాడు. డి. డి. కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు కలకత్తాలో జైళ్ళ ఆవరణలలో ఒక పరికరం నిలబెట్టాడు. అది గరాటా వంటిది; గాలి ఎటు వీస్తే అటు మూతి తిప్పుకుంటుంది; లోపల జిగురు పూసిన గాజుపలక ఉంటుంది. దానిమీద పడిన వాటిని రంగుల బొమ్మలతో సహా 1873 నాటి పుస్తకంలో వర్ణించాడు. కలరా, జ్వరాలు గాలిలోని కణాలవల్ల వస్తున్నవేమో చూడటం అతని ఉద్దేశం. సిద్ధబీజాలు కోకొల్లలుగా దొరికినవి గాని వాటి హెచ్చుతగ్గులకూ ఆ రోగాల హెచ్చుతగ్గులకూ ఏ సంబంధమూ కనిపించలేదు. లేదని ఉన్నదున్నట్లు రాశాడు. ఆశించిన ఫలితం రానప్పుడు ఇలా రాయడానికి గుండె నిబ్బరం కావాలి.

సరిగ్గా ఆ 1873లోనే ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో ఛార్లెస్ బ్లాక్‌లీ అనే వైద్యుడు మరోవైపునుంచి ఇదే తలుపు తట్టాడు. అతడు స్వయంగా హే ఫీవర్ రోగి. గడ్డి పూతపట్టే రోజులలో ఆగని తుమ్ములు, కళ్ళమంట. జిగురు పూసిన గాజుపలకల మీద రోజూ పడే పుప్పొడిని లెక్కపెట్టాడు. గాలిపటాలకు పలకలు కట్టి పైకి ఎగరవేసి అక్కడి గాలిలోనూ పుప్పొడి ఉన్నదని చూపాడు. తన చేతిమీద చర్మం గీరి గడ్డిపుప్పొడి అద్దితే అక్కడ దద్దురు లేచింది. ఇప్పుడు ఆసుపత్రులలో చేసే చర్మపరీక్షకు ఇది మూలపురుషుడు. అంతటితో ఆగక, తడిపిన గోధుమగడ్డి మీద పెరిగిన పెనిసిలియం అనే బూజు సిద్ధబీజాలను పీల్చాడు. గొంతు బొంగురుపోయి, తరువాత మాటే పడిపోయి, రొమ్ము పట్టేసింది. గాలిలో ఏమున్నదో లెక్కించడం, అది ఈ మనిషికి పడుతుందో లేదో చూడటం అనే రెండు పనులూ ఒకే మనిషి చేతిలో కలిసిన సందర్భం ఇది. ఆ తరువాత చాలాకాలం ఈ రెండూ ఎవరి దారిన అవి పోయినవి.

లెక్కించే పని ఫ్రాన్సులో బాగా సాగింది. పారిస్ నగరపు మోంసూరి పరిశోధనాశాలలో పియర్ మికెల్ అనే శాస్త్రజ్ఞుడు ఏళ్ళ తరబడి గాలిని కొలిచాడు. కాని వైద్యుల దృష్టి క్షయ, కలరా సూక్ష్మజీవుల మీదికి మళ్ళింది. గాలిలోని శిలీంధ్రాలను మరిచిపోనివ్వనివారు పంటల తెగుళ్ళు చూసేవారే. ఇది గమనించదగిన విషయం. ఉబ్బసరోగికి పనికివచ్చిన శాస్త్రంలో చాలా భాగం రైతుపొలంలో పుట్టింది. మన దేశంలో కె. సి. మెహతాగారు ఆగ్రాలో ఉండి చేసిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. మైదానాల ఎండలకు గోధుమ తుప్పుతెగులు బీజాలు బతకవు. కొండలమీద వేసవి గడిపి, ఏటా గాలిలో కిందికి దిగివస్తవి అని ఆయన నిరూపించారు. ఆ తుప్పుపొడే మనుషులకూ హాని చేస్తుందని 1924లో కెనడాలోని విన్నిపెగ్‌లో కాధమ్ అనే వైద్యుడు చూపించాడు. గోధుమ తుప్పుపొడి తగిలినప్పుడు ఉబ్బసం వచ్చే ముగ్గురు రోగులను గురించి అతడు రాశాడు. అదే సంవత్సరం హాలెండులోని లైడెన్ నగరంలో స్టార్మ్ వాన్ లేవెన్, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఉబ్బసం హెచ్చుగా ఉండటానికి బూజులు కారణం కావచ్చునన్నాడు. 1930లో అమెరికాలో హాప్కిన్స్, బెన్‌హామ్, కెస్టెన్ అనే ముగ్గురు, ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల కలిగిన ఉబ్బసాన్ని వర్ణించారు. ఎండుటాకుల మీద, కోతకు వచ్చిన పైరుమీద నల్లగా పెరిగేది ఇదే.

ఆ దశాబ్దంలోనే అమెరికా వ్యవసాయశాఖలో పనిచేసిన ఫ్రెడ్ మయర్ ఈ విద్యకు వాయుజీవశాస్త్రం అని పేరు పెట్టాడు. 1933లో విఖ్యాత వైమానికుడు లిండ్‌బర్గ్ గ్రీన్లాండు మీదుగా ఎగురుతూ మయర్ కోసం జిగురు పలకలు గాలికి పట్టి తెచ్చాడు. ఉత్తరధ్రువ ప్రాంతపు గాలిలోనూ సిద్ధబీజాలు దొరికినవి. 1938 జులైలో పసిఫిక్ మహాసముద్రం మీద గువామ్ నుంచి మనీలాకు పోతూ హవాయి క్లిప్పర్ అనే విమానం జాడ తెలియకుండా పోయింది. మయర్ అందులోనే ఉన్నాడు.

ఇక మా గ్రంథాలయంలో మేము చేసిన పొరపాటుకు వస్తాను. పళ్ళెం తెరచి పెడితే దానిమీద ఏది పడుతుంది? బరువైనది ముందు పడుతుంది. కదలని గాలిలో చిన్న గుండ్రని కణం పడే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమంగా ఉంటుందని స్టోక్స్ సూత్రం. నీటికి సమానమైన సాంద్రత గల 30 మైక్రానుల పుప్పొడిరేణువు సెకనుకు సుమారు 27 మిల్లీమీటర్లు దిగుతుంది. 3 మైక్రానుల సిద్ధబీజం సెకనుకు 0.27 మిల్లీమీటరు దిగుతుంది. వ్యాసం పదోవంతైతే వేగం నూరోవంతు. మనిషి ముక్కు ఎత్తు ఒకటిన్నర మీటరు అనుకోండి. అక్కడినుంచి నేలకు రావడానికి మొదటిదానికి ఒక నిమిషం చాలు; రెండోదానికి గంటన్నర పడుతుంది. పదో తరగతి విద్యార్థులచేత ఈ లెక్క చేయించవచ్చును. తలుపు తీసినా, మనిషి నడిచినా పుట్టే గాలికి రెండోది మళ్ళీ పైకి లేస్తుంది. కాబట్టి తెరచిన పళ్ళెం పెద్దవాటిని ఎక్కువచేసి, చిన్నవాటిని తక్కువచేసి చూపుతుంది. రొమ్ములో లోతుగా చొరబడగలవి ఆ చిన్నవే కావడం విచారకరం. పైగా, పళ్ళెంలో మొలిచేవి ప్రాణం ఉన్నవీ, ఆ అగార్ రుచించినవీ మాత్రమే. చచ్చిన సిద్ధబీజం మొలవదు; కాని ఎలర్జీ కలిగించే ప్రోటీను అందులోనూ ఉంటుంది.

ఈ చిక్కును విప్పే యంత్రాన్ని 1952లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాకేంద్రంలో జె. ఎం. హర్స్ట్ తయారుచేశాడు. అతడూ పైరు తెగుళ్ళ శాస్త్రజ్ఞుడే. పంపు ఒకటి నిమిషానికి 10 లీటర్ల గాలిని సన్నని చీలికలోగుండా లాగుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దమనిషి పీల్చే గాలికి ఇది దరిదాపు. చీలిక వెనుక జిగురు పూసిన గాజుపలక గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున పైకి జరుగుతుంటుంది. వేగంగా వచ్చిన గాలి పక్కకు మళ్ళుతుంది. కణాలు మళ్ళలేక పలకకు అంటుకుంటవి. రోజుకు 14,400 లీటర్ల గాలి, 48 మిల్లీమీటర్ల జాడ. ఆ జాడ చూసి ఏ గంటలో ఏ సిద్ధబీజాలు ఎన్ని ఎగిరినవో చదువుకోవచ్చును. అప్పటిదాకా ఎవరూ ఊహించని రాత్రి ప్రపంచం ఒకటి బయటపడింది. మధ్యాహ్నపు పొడిగాలిలో క్లాడోస్పోరియం వంటి రంగు సిద్ధబీజాలు మెండు. తెల్లవారుజామున తేమగాలిలో రంగులేని చిన్న సిద్ధబీజాలు మెండు. వాన పడగానే మరికొన్ని. పుట్టగొడుగుల సిద్ధబీజాలు కూడా ఎలర్జీ కలిగించవచ్చునని గ్రెగరీ, హర్స్ట్‌లు ఆ ఏడే సూచించారు. తెల్లవారుజామున ఉబ్బసం పెరగడానికి శరీరంలోనే ఇతర కారణాలున్నవి గనుక, ఈ రెంటినీ తొందరపడి ముడిపెట్టరాదు.

ఈ పని మన ప్రాంతానికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రాచార్యులైన టి. శ్రీరాములుగారు, ఇంగ్లండులోని ఒక నదీముఖం మీది గాలిని గురించి గ్రెగరీతో కలిసి 1958లో వ్యాసం ప్రకటించారు. 1957 సెప్టెంబరు 21 నుంచి డిసెంబరు 31 వరకు పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడు దగ్గర వరిచేలో గాలిలోని సిద్ధబీజాలను శ్రీరాములు, శేషావతారం గార్లు లెక్కించారు. విశాఖపట్నం సమీపాన వరిచేను మీద శ్రీరాములు, రామలింగం గార్లు రెండేళ్ళు సాగించిన పరిశీలన 1966లో వెలువడింది. వరి తెగుళ్ళకోసం మొదలైన ఈ లెక్కలే తరువాత ఎలర్జీ వైద్యులకు ఆధారమైనవి. ఏ నెలలో ఏ బూజు ఎక్కువో తెలియనిదే రోగి చెప్పే రోజులను దేనితో పోల్చి చూడాలి?

1958లో ఆండర్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆరు అంతస్తుల పరికరం చేశాడు. ఒక్కొక్క అంతస్తులో 400 రంధ్రాల జల్లెడ, దాని కింద అగార్ పళ్ళెం. కిందికి పోయినకొద్దీ రంధ్రాలు సన్నబడతవి. పెద్ద కణాలు పైనే చిక్కుతవి, చిన్నవి అడుగుదాకా పోతవి. ముక్కు, గొంతు, ఊపిరితిత్తులలో జరిగేదానికి ఇది నమూనా. ఇది కూడా బతికున్నవాటినే లెక్కిస్తుంది. హర్స్ట్ పలక చచ్చినవాటినీ చూపుతుంది గాని, ఆస్పర్జిల్లస్, పెనిసిలియం సిద్ధబీజాలను దానిమీద ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టలేము. రెండూ చిన్న గుండ్రని చుక్కలే. ఒక్క సాధనంతో గాలి అంతా తెలిసిందనుకోరాదు.

గాలి సంగతి ఇలా ఉండగా మనిషి సంగతి వేరే సాగింది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, కుస్ట్నర్ అనే ఇద్దరు వైద్యులు ఒక విచిత్రమైన పరీక్ష చేశారు. కుస్ట్నర్‌కు వండిన చేప పడదు. అతని రక్తరసాన్ని ప్రౌస్నిట్జ్ చర్మంలోకి ఎక్కించి, మరునాడు ఆ చోటనే చేపసారం ఎక్కిస్తే, చేప హాయిగా తినే ప్రౌస్నిట్జ్ చర్మం మీద దద్దురు లేచింది. పడకపోవడం అనేది రక్తంలో ఏదో ఒక పదార్థంగా ఉన్నదన్నమాట. ఆ పదార్థం ఏదో తెలియడానికి 45 ఏళ్ళు పట్టింది. 1966లో ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జొహాన్సన్, బెన్నిక్ దానిని వేరువేరుగా పట్టుకున్నారు. 1968లో దానికి ఐ. జి. ఇ. అని పేరు స్థిరపడింది. చర్మం గుచ్చకుండా రక్తంలోనే ఫలాని బూజుకు సంబంధించిన ఐ. జి. ఇ.ని కొలిచే విధానం 1967లోనే వచ్చింది.

చర్మపరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ముంజేతిమీద ఒక్కొక్క పదార్థపు సారం చుక్కవేసి సూదిమొనతో పైపైన గుచ్చుతారు. పోలికకు ఒకచోట ఉత్త ఉప్పునీరు, ఒకచోట హిస్టమిన్ వేస్తారు. పావుగంటకు ఉప్పునీటి చోటుకంటె 3 మిల్లీమీటర్లో ఆపైనో ఎక్కువ వెడల్పుగా దద్దురు లేస్తే ఆ పదార్థానికి శరీరం సిద్ధపడి ఉన్నదని అర్థం. తుమ్ములకు వాడే మాత్రలు కొన్నాళ్ళు ముందునుంచీ మానకపోతే ఏ దద్దురూ లేవదు. ఆ సంగతి డాక్టరుగారే చెబుతారు. అరుదుగా తీవ్రమైన ప్రతిక్రియ రావచ్చు గనుక ఇది ఆసుపత్రిలోనే చేయవలసిన పని.

మా విద్యార్థికి ఈ పరీక్ష జరిగింది. మేము పళ్ళెంలో పట్టుకున్న ఆస్పర్జిల్లస్ వేసిన చోట ఏమీ లేదు. మరోచోట రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది. అది ఇంటి దుమ్ములోనూ పరుపులలోనూ బతికే, కంటికి ఆననంత చిన్న పురుగు – డస్ట్ మైట్. సాలీడుకు దూరపు చుట్టం. దులిపే బూజువైపు వారే చివరకు దోషులైనారు! ఇంటి దుమ్ములోని ఎలర్జీ పదార్థం ఈ పురుగునుంచి వస్తున్నదని 1964లో వూర్‌హోర్స్ట్ బృందం చెప్పింది కూడా లైడెన్‌లోనే. నలభై ఏళ్ళ ముందు స్టార్మ్ వాన్ లేవెన్ బూజును అనుమానించిన ఊరు అది. ఆ పురుగుకూ తేమే కావాలి, బూజుకూ తేమే కావాలి. రెండూ ఒకే గదిలో ఉంటవి గనుక ఒకదాని నేరం ఒకదానిమీద పడుతుంది. మా పళ్ళాలు అబద్ధం చెప్పలేదు. గదిలో నల్లబూజు ఉన్నమాట నిజమే. ఈ అబ్బాయి ఆయాసానికి అదే కారణం అన్నది మేము చేర్చిన మాట. పళ్ళాలనే నమ్మి ఉంటే అతను పుస్తకాలకు దూరంగా ఉండి, హాస్టలులో తన పాత పరుపుమీదనే పడుకొనేవాడు.

చర్మపరీక్షకూ లోపాలున్నవి. బూజులసారం అన్ని కంపెనీలదీ ఒక్కలాగా ఉండదు. ఒకే బూజు పెంచిన తీరునుబట్టి వేరువేరు ప్రోటీనులు చేస్తుంది. దద్దురు లేవనంత మాత్రాన ఆ బూజు నిర్దోషి అని ప్రతిసారీ చెప్పలేము. దద్దురు లేచినంత మాత్రాన రోగం దానివల్లనే అనీ చెప్పలేము. గాలిలో ఎక్కువగా ఉన్న రోజులకూ, ఆయాసం వచ్చిన రోజులకూ, చర్మం చెప్పినదానికీ మూడింటికీ పొంతన కుదరాలి. అలా కుదిరిన సందర్భం ఒకటి 1991లో అమెరికాలో ప్రకటితమైంది. హఠాత్తుగా ఊపిరి ఆగిపోయేంత ఉబ్బసం వచ్చిన 11 మంది పిల్లలు, యువకులలో 10 మందికి ఆల్టర్నేరియా పడదని తేలింది. పోలికకు తీసుకున్న ఇతర ఉబ్బసరోగులలో నూటికి 31 మందికే. ఆ ప్రమాదాలు ఆల్టర్నేరియా గాలిలో విరివిగా ఎగిరే కాలంలో జరిగినవి.

ఘనమీటరు గాలిలో ఇన్ని సిద్ధబీజాలదాకా ఫరవాలేదు అనే హద్దు ఏదైనా ఉన్నదా అని ఉపాధ్యాయులు అడుగుతుంటారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో ఇంటి తేమ, బూజులమీద ప్రకటించిన సూచనలలో అటువంటి అంకె ఇవ్వలేదు, ఇవ్వడం సాధ్యం కాదన్నది. గోడ చెమ్మగిలకుండా చూడండి, బూజు పట్టినచోట తేమకు కారణం వెదికి ఆపండి అని మాత్రం చెప్పింది. డబ్బు తీసుకొని ఇంటి గాలిలో పళ్ళెం పెట్టి, మీ ఆరోగ్యానికి ఇంత ప్రమాదం అని కాగితం రాసి ఇచ్చేవారు ఉన్నారు. ఆ అంకె ఏ హద్దుతో పోల్చారో అడగండి.

పాఠశాలలో చేయదగిన పని ఒకటున్నది. గాజుపలకమీద పలుచగా వాసెలిన్ రాసి, వానకు తడవని కిటికీ గట్టున ఒక రోజంతా ఉంచి, సూక్ష్మదర్శినిలో చూడవచ్చును. తొడిమలాంటి ముక్కుతో, అడ్డుగీతలతో, గదలాగా ఉండే గోధుమరంగు ఆల్టర్నేరియా సిద్ధబీజాన్ని ఒకసారి చూసిన విద్యార్థి మరిచిపోడు. నెలనెలా పలకలు పెట్టి పుస్తకంలో ఎక్కిస్తే సంవత్సరాంతానికి ఆ ఊరి గాలి సంగతి కొంత తెలుస్తుంది. అగార్ పళ్ళెంగాని, రొట్టెముక్కగాని పెడితే మాత్రం మొలక కనిపించకముందే మూతచుట్టూ టేపు అంటించి, ఆపైన ఎవరూ తెరవకూడదు. ఆయాసం ఉన్న పిల్లలచేత ఆ పని చేయించకూడదు. పరిశీలన అయిన తరువాత మూతతోనే గుడ్డసంచిలో కట్టి, వంటకు వాడని పాత ప్రెషర్ కుక్కరులో ఇరవై నిమిషాలు ఉడికించి పారవేయాలి.